ఇంపాక్ట్ డ్రైవర్, ఆరేళ్ల తర్వాత: నాన్న చిత్రిక విప్పింది, మామయ్య డ్రిల్లు పగలగొట్టింది

నెత్తిన సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్ గురించి చెబుతున్నాను. బ్యాటరీతో గిర్రున తిరిగే రకం కాదు, బైక్ మెకానిక్‌ల దగ్గర ఉండే బరువైన ఇనుప పిడి. కంపెనీ పేరు రాయను, నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 2019లో ఆరు వందల చిల్లర పెట్టి కొన్నాను. అదీ ఒకే ఒక్క స్క్రూ కోసం.

ఆ స్క్రూ నాన్న వాడిన ఇనుప చిత్రికలోది (చెక్కని నునుపు చేసే పనిముట్టు, హైదరాబాద్ వైపు రందా అంటారు). బ్లేడునీ దాని మీది రేకునీ కలిపి పట్టి ఉంచుతుంది. తల వెడల్పు, గాడి లోతు మాత్రం అంతంతే. మాది విశాఖ, ఉప్పుగాలి. పదేళ్లు అటక మీద పడి ఉండేసరికి బ్లేడు, రేకు, స్క్రూ మూడూ ఒకే ముక్కయ్యాయి. రేకు ఊడితే గానీ బ్లేడు సాన పట్టలేం. కిరోసిన్‌లో మూడు రోజులు నానబెట్టాను. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టాను. పెద్ద స్క్రూడ్రైవర్‌తో బలమంతా పెట్టి తిప్పితే గాడి అంచు లేచిపోయింది, స్క్రూ మాత్రం అలాగే ఉంది. గ్యాస్ పొయ్యి మీద కాలుద్దామని కూడా లేచాను. కానీ ఉక్కు 300 డిగ్రీల దగ్గర నీలం రంగుకి తిరుగుతుంది, అంత వేడి తగిలిన బ్లేడుకి పదును నిలవదు. నాన్న బ్లేడుని అలా చేయడానికి మనసు రాలేదు.

మా వీధి చివర బైక్ మెకానిక్ చూసి, “తిప్పితే రాదు సార్, కొట్టాలి” అన్నాడు. అలా కొన్నాను.

మొదటి రోజు పరువు పోయింది. చింత మొద్దు మీద బ్లేడు పెట్టి నాలుగు దెబ్బలు గట్టిగా వేశాను. ఉలుకూ పలుకూ లేదు. ఐదోది వేయబోతూ చూద్దును కదా, డ్రైవర్ బిగించే వైపు పెట్టి ఉంది! పదేళ్ల తుప్పు చాలనట్టు నా వంతు కూడా బిగించానన్నమాట. ఎడమ వైపుకి మార్చి కొట్టినా రాలేదు. మళ్లీ మెకానిక్ దగ్గరికే వెళ్తే అతను నవ్వి, మొద్దు సగం దెబ్బ తాగేస్తుందని చెప్పి ఒక ఇనుప దిమ్మ ఇచ్చాడు. డబ్బాలో వచ్చిన బిట్టు (డ్రైవర్ కొసకి తగిలించే మొన) కూడా గాడిలో వదులుగా ఆడుతోందని అప్పుడే గమనించాను. సరిగ్గా కూర్చునే దాకా పక్కన ఉన్న మందమైన బిట్టుని, నీళ్లలో ముంచుకుంటూ, సాన పట్టే గ్రైండర్ మీద అరగదీశాను.

తర్వాత మూడో దెబ్బకి చేతికి ఒక చిన్న జారుడు తెలిసింది. శబ్దం కాదు, పిడి గుప్పిట్లో కొంచెం మెలిక తిరిగిన స్పర్శ. దీని సుఖమంతా అక్కడే ఉంది. లోపల ఏటవాలు గాళ్లు ఉంటాయి, కిందికి పడ్డ దెబ్బ వాటి వల్ల కొంచెం తిప్పుడుగా మారుతుంది. అదే క్షణంలో దెబ్బ బరువు బిట్టుని గాడిలోకి అదుముతుంది కాబట్టి పైకి ఎగిరి తల చెక్కదు. మామూలు స్క్రూడ్రైవర్‌తో అదిమితే తిప్పడం కుదరదు, తిప్పితే అదమడం కుదరదు, నా అవస్థంతా అదే. మిగతాది చేత్తోనే తిప్పేశాను. స్క్రూ బయటికొచ్చాక చూస్తే మరలు లోపల కొత్తవిలా మెరుస్తున్నాయి. ఆ సాయంత్రం టేకు ముక్క మీద తోస్తే పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది.

ఆ ఊపులో కనిపించిన వాళ్లందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

మూడేళ్ల క్రితం మామయ్య తన చేతి డ్రిల్లు తెచ్చాడు, పెద్ద పళ్ల చక్రం ఉండే పాత రకం. చక్రాన్ని పట్టి ఉంచే స్క్రూ పట్టేసింది. “నువ్వైతే తీస్తావురా” అన్నాడు. అదే దిమ్మ, అదే సుత్తి. రెండో దెబ్బకి స్క్రూ కాదు, దాని చుట్టూ ఉన్న ఫ్రేము టప్పున చీలింది. పోత ఇనుము. ఉక్కైతే దెబ్బని ఓర్చుకుంటుంది, పోత ఇనుము పెళుసు, వంగడం తెలియదు. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు, నాకూ అప్పుడు తట్టలేదు. మామయ్య “పోనీలే” అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఏ పనిముట్టూ నా దగ్గరికి తేలేదు.

డబ్బాలో వచ్చిన బిట్లలో రెండు మొదటి ఏడాదే ముక్కలయ్యాయి, విడిగా మంచివి కొనుక్కోవాల్సి వచ్చింది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు. ఏడాదికోసారి గ్రీజు పెడతాను, అంతే. కళ్లని కాపాడే సేఫ్టీ అద్దాలు లేకుండా మాత్రం కొట్టకండి, బిట్టు విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

నాది కింది అంతస్తు, సొంత వరండా, ఎంత మోగినా అడిగేవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటూ ఏడాదికో స్క్రూ తీసేవాళ్లయితే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లి యాభై రూపాయలు ఇవ్వడమే నయమేమో. పాత బైకు ఉన్నవాళ్లకి, ఇంజన్ కవర్ స్క్రూలతో విసిగిపోయినవాళ్లకి పనికొస్తుందనుకుంటాను. అక్కడ కూడా అల్యూమినియం కేసింగు మీద చెయ్యి తేలిగ్గా వేయాలి.

మామయ్య డ్రిల్లు ఇంకా నా దగ్గరే ఉంది. పోత ఇనుము వెల్డింగ్‌కి నికెల్ రాడ్ ఉండాలంటున్నారు, అది పెట్టి చేసేవాళ్ల కోసం చూస్తున్నాను.