పికప్‌కు పెద్ద డీజిల్ ట్యాంకు వేయించబోతున్నారా? ముందు ఇది చదవండి

కర్ణాటకలో డీజిల్ మన దగ్గరికంటే లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. మదనపల్లె, చిత్తూరు, హిందూపురం వైపు పికప్ నడిపేవారందరికీ ఈ లెక్క నోటికి వచ్చు. సరిహద్దు అవతలే నింపుకొని వద్దామనిపిస్తుంది, ట్యాంకు పెద్దదైతే ఇంకా మిగులుతుందనిపిస్తుంది. నేనూ అలాగే ఆశపడి మోసపోయాను. వెల్డింగ్ షాపులో ట్యాంకు చేయించాలనుకుంటున్నవారు బయానా చేతిలో పెట్టకముందే నా సంగతి వినండి.

నాది 2022లో కొన్న బీఎస్-6 పికప్. టమాటా లోడు కోలారు మార్కెట్‌లో దింపి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే డీజిల్ పోయించుకొని, మరుసటి రోజు మదనపల్లె నుంచి విజయవాడ వెళ్తుంటాను. కంపెనీ ట్యాంకు 57 లీటర్లు. దాన్ని తీసేసి 120 లీటర్లది బిగిస్తామని ఒక షాపువారు 18,500 రూపాయలు తీసుకున్నారు. మందపాటి ఇనుప రేకు, లోపల అడ్డుపలకలు, లీకు పరీక్ష, ఏడాది గ్యారంటీ అన్నారు. రసీదు అడిగితే తెల్ల కాగితం మీద ‘ట్యాంకు పని’ అని రెండు మాటలు రాసి ఇచ్చారు. రేకు రకం లేదు, కొలత లేదు, గ్యారంటీ ఊసే లేదు. అక్కడే వెనక్కి తిరగవలసింది, తిరగలేదు.

మొదటి మోసం బంకులోనే బయటపడింది. 104 లీటర్లకే డీజిల్ మూతి దాకా వచ్చేసింది. ఇంటికి వచ్చి టేపు పెట్టి కొలిచాను. పొడవు 60, వెడల్పు 44, ఎత్తు 40 సెంటీమీటర్లు. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 105 లీటర్లు. అడిగితే, గాలికి కొంత ఖాళీ వదలాలి కదా అన్నారు. ఖాళీ వదలాలన్నది నిజమే, వంద లీటర్ల డీజిల్ పదిహేను డిగ్రీలు వేడెక్కితే లీటరుకు పైగా ఉబ్బుతుంది. కానీ ఆ ఖాళీ కూడా ఈ 105లోనే ఉండాలి.

రెండోది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. బ్రేకు వేసిన ప్రతిసారీ సీటు వెనక ధబ్బుమని చప్పుడు వచ్చేది. లోపల అడ్డుపలకలు లేవు కాబట్టి డీజిల్ అంతా ఒక్కసారిగా వెళ్లి గోడకు కొట్టుకొనేది. రాయచోటి దాటాక గువ్వలచెరువు ఘాటు మీకు తెలుసు కదా. ఒక రాత్రి తిరుగు ప్రయాణంలో కడప వైపు నుంచి ఆ ఘాటు ఎక్కుతున్నాను. ట్యాంకులో పావు వంతు డీజిల్ ఉంది. ఎత్తు ఎక్కుతుంటే ఉన్న డీజిల్ వెనక్కి చేరింది, ముందు వైపు పెట్టిన పైపు గాలి పీల్చింది. ఇంజిన్ రెండు సార్లు దగ్గి, మలుపులో ఆగిపోయింది. వెనక లారీ. ఆ డ్రైవరన్న దూరం నుంచే గమనించి బండి ఆపాడు కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాను. చక్రాల కింద రాళ్లు పెట్టి, టార్చి వెలుగులో చేతి పంపు కొట్టి, గాలి తీసి, గంటకు గానీ కదలలేకపోయాము.

షాపువారు ఎయిర్ పట్టడం మామూలేనన్నారు. నేను నమ్మాను. మూడు నెలలు తిరిగేసరికి బండి లాగడం మానేసింది, మీటరు మీద ఇంజిన్ లైటు వెలిగి ఆరలేదు.

మెకానిక్ ఫిల్టర్ విప్పి అందులోని డీజిల్‌ను గాజు సీసాలోకి వంచాడు. అడుగున నల్లటి ఇసుకలాంటి పొడి, దానిపైన తెల్లటి జిగురు తేరుకున్నాయి. తర్వాత ట్యాంకు దించి, డీజిల్ మట్టం చూపే ఫ్లోటు రంధ్రంలోంచి లైటు వేసి చూపించాడు. లోపల గోడల మీద పువ్వుల్లాంటి మెరిసే మచ్చలు. అంటే అది జింకు పూత పూసిన జీఐ రేకు, నీళ్ల తొట్లకు వాడేది. జింకు పూత డీజిల్‌లో నెమ్మదిగా కరిగి సబ్బులాంటి పదార్థం అవుతుంది, అది వెళ్లి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో పేరుకుంటుంది. నల్ల పొడి వెల్డింగ్ చిట్టెం. ట్యాంకు మూసేముందు కడగనే లేదు. మన బండి టైరులో గాలి ఒత్తిడి నాలుగైదు బార్లు ఉంటుంది. కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ‘రైల్’ అనే ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే మన బండిలాంటి ఇంజిన్‌లో, డీజిల్ 1,600 బార్లకు పైగా ఒత్తిడితో, వెంట్రుకకంటే సన్నని సందుల్లోంచి పోతుంది. అక్కడ ఇసుక రేణువు చాలు.

నాలుగు ఇంజెక్టర్లు, పంపు పని, ఆ రైల్ గొట్టం శుభ్రం చేయడం, కూలీ కలిపి 94,000 రూపాయలు. వారంటీ ఉంది కదా అని కంపెనీ సర్వీసుకు వెళ్తే ట్యాంకును ఫొటో తీసుకుని, బయటి భాగం బిగించారు కాబట్టి వర్తించదన్నారు. వారిని తప్పు పట్టలేను. ట్యాంకు ఖర్చుతో కలిపి 1,12,500. నాకు అదనంగా పట్టిన డీజిల్ 47 లీటర్లు, లీటరుకు ఆరు చొప్పున మిగిలింది ట్రిప్పుకు 282 రూపాయలు. ఈ నష్టం పూడాలంటే దగ్గరదగ్గర నాలుగు వందల ట్రిప్పులు కావాలి. వారానికి మూడు ట్రిప్పులు తిరిగినా రెండున్నరేళ్లు.

చట్టం సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో మార్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా భాగాలు బిగించి బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగినప్పుడు బీమావారు ఇదే పట్టుకుంటే మన కుటుంబం ఏమవుతుందో ఆలోచించండి.

ట్యాంకు మార్చక తప్పదనుకుంటే ముందు కంపెనీ సర్వీసులోనూ, రవాణా కార్యాలయంలోనూ అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. అది ఇవ్వకపోతే ఆ పని వదిలేయండి. షాపువారు ఎంత తెలిసినవారైనా సరే.

ఇప్పటికే వేయించుకున్నవారు ఘాటు ఎక్కేముందు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. ఈ వారంలోనే ఫిల్టర్ విప్పించి డీజిల్‌ను గాజు సీసాలో పోసి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లారి అడుగున తెల్ల జిగురు గానీ నల్ల పొడి గానీ కనిపిస్తే బండి స్టార్టు చేయకండి. ఆ ట్యాంకు దింపించి, కంపెనీ ట్యాంకు తిరిగి బిగించుకోండి. నా పాత ట్యాంకును పాత సామాన్లవాడికి అమ్మేయకుండా ఇంట్లో ఉంచడం ఒక్కటే నేను చేసిన మంచి పని. ఇప్పుడు బండికి ఉన్నది అదే.