ఇంట్లో చేసిన నాలుగు బేస్ డబ్బాలు: ఆరేళ్లు మోశాక

ముందే చెప్పేస్తా. ఈ ఆరేళ్లలో నా డబ్బాల సౌండ్ బాలేదని ఎవరూ అనలేదు. కానీ హ్యాండిళ్లు ఊడాయి, చక్రాలు విరిగాయి, బోల్టులు పట్టే టీ-నట్లు తిరిగిపోయాయి, పెయింట్ పొరలు పొరలుగా లేచింది, ఒక స్పీకర్ నా మతిమరుపుకి బలైంది. సొంతంగా సబ్‌వూఫర్ డబ్బాలు చేద్దామనుకునేవాళ్లు ఎన్ని లీటర్లు, ఎంత ట్యూనింగ్ (డబ్బాలోని గాలి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా పలకాలి), ఏ స్పీకర్ అనే లెక్కల దగ్గరే నెలలు గడిపేస్తారు, నేనూ గడిపాను. ఆ లెక్కలు అవసరమే, కాదనను. కానీ అది ఒక్కసారి కుదిరితే మళ్లీ దాని జోలికి వెళ్లే పని ఉండదు. ప్రతి ప్రోగ్రాంకీ మన ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి.

నా దగ్గరున్నవి నాలుగు డబ్బాలు. ఒక్కోదాంట్లో ఒక 18 అంగుళాల స్పీకర్, 8 ఓమ్స్, 4 అంగుళాల కాయిల్ (స్పీకర్ ముందున్న గరాటులాంటి కోన్‌ని కదిపే తీగచుట్ట), కంపెనీ లెక్కలో 1000 వాట్లు. బేస్ రిఫ్లెక్స్ రకం, అంటే లోపలి గాలి కూడా పోర్టు అనే దారిలోంచి బయటికొచ్చి బేస్‌కి సాయపడుతుంది; నా వాటిలో అది స్పీకర్ కింద అడ్డంగా పెద్ద స్లాట్. బయటి కొలతలు 580 మిల్లీమీటర్ల వెడల్పు, 680 ఎత్తు, 700 లోతు. పోర్టు, స్పీకర్, లోపలి అడ్డపట్టీలు మింగేసిన చోటు తీసేస్తే అటూ ఇటూగా 180 లీటర్లు మిగులుతుంది. చెక్క 18 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్, ఒక్కో డబ్బాకి దాదాపు ఒక 8×4 షీటు పట్టింది. అన్నీ బిగించాక తూకం 54 కిలోలు. మోసేవాడికి ఈ చివరి అంకె ఒక్కటే గుర్తుంటుంది.

నిజానికి వీటికంటే ముందు రెండు డబ్బాలు చేసి చెడగొట్టాను. చిన్నగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, కింది దాకా దిగాలి, గట్టిగా మోగాలి అన్నీ ఒకేసారి కావాలనుకున్నాను. హాఫ్‌మన్ అనే ఆయన చెప్పిన ఇనుప సూత్రం ఒకటుంది: చిన్న డబ్బా, లోతైన బేస్, ఎక్కువ సౌండ్, ఈ మూడింట్లో ఏ రెండైనా తీసుకో, మూడోది వదిలేసుకో. చదివాను, కానీ అది నాకు వర్తించదన్నట్టు 120 లీటర్ల డబ్బా చేసి, 4 అంగుళాల పీవీసీ పైపులు రెండు పెట్టి, 40 హెర్ట్జ్‌కి ట్యూన్ చేశాను. ఇంట్లో చిన్నగా పెట్టి వింటే అద్భుతం. బయట మైదానంలో వాల్యూం పెంచేసరికి పైపులు పాము బుస కొట్టినట్టు బుసలు. ఆ రెండు పైపుల నోరు కలిపితే 157 చదరపు సెంటీమీటర్లు, 18 అంగుళాల కోన్ దాదాపు 1200. అంత గాలిని అంత ఇరుకు సందులోంచి తోస్తే అది బేస్‌గా బయటికి రాదు, ఈదురుగాలిలా వస్తుంది. ఇప్పుడున్న స్లాట్ 544 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు, అంటే 544 చదరపు సెంటీమీటర్లు. ఆ బుస మళ్లీ వినలేదు.

పోర్టు నోరు పెద్దదైతే అదే ట్యూనింగ్ కోసం దాని పొడవూ పెరుగుతుంది, లోపల చోటు తినేస్తుంది, దాంతో డబ్బా ఇంకా పెరుగుతుంది. ఎటు తిరిగి ఎటొచ్చినా బరువు దగ్గరే తేలుతుంది.

లెక్కలకి నేను విన్‌ఐఎస్‌డీ అనే సాఫ్ట్‌వేర్ వాడాను, ఉచితంగా దొరుకుతుంది. స్పీకర్‌తో వచ్చే కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని ఆ స్పీకర్ స్వభావం చెప్పే అంకెలు ఉంటాయి, అవి ఎక్కిస్తే గ్రాఫ్ గీస్తుంది. 1961లో నెవిల్ థీల్ ఆస్ట్రేలియాలో రాసిన పేపరు, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ చేసిన పని, వీటి పుణ్యమే ఇదంతా, లేకపోతే అంతా చెవి మీద ఆధారపడి డబ్బా మీద డబ్బా కోసుకుంటూ పోవాల్సిందే. ఒక్క మాట మాత్రం. నేను 38 హెర్ట్జ్ అనుకుని చేశాను, పూర్తయ్యాక ఇంపీడెన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకర్ నిరోధం) కొలిస్తే గ్రాఫ్‌లో రెండు శిఖరాల మధ్య లోయ, అంటే అసలు ట్యూనింగ్, 36 దగ్గర తేలింది. స్లాట్ పోర్టుకి డబ్బా అడుగూ పక్క గోడలే గోడలు కదా, లోపలి చివర దాటాక కూడా గాలికి ఆ గోడలే దారి చూపిస్తాయి, దాంతో పోర్టు అసలు పొడవు కంటే పొడుగ్గా ఉన్నట్టు పనిచేస్తుంది. పోర్టు పలకని కొంచెం పొట్టిగా కోసి ఉంటే సరిపోయేది. 2 హెర్ట్జ్ కోసం డబ్బా పగలగొట్టలేం కాబట్టి వదిలేశాను, ఆరేళ్లలో ఆ తేడా ఎవరికీ వినపడలేదు, నాతో సహా.

హార్న్ (లోపల మడతలు పెట్టిన గరాటులాంటి డబ్బా) ఎందుకు చేయలేదని అడుగుతారు, అందరూ అడుగుతారు. 40 హెర్ట్జ్ అల పొడవు 8.6 మీటర్లు. హార్న్ సరిగ్గా పనిచేయాలంటే దాని మూతి ఆ పొడవుతో పోల్చదగ్గంత ఉండాలి, ఒక డబ్బా మూతి అంత ఉండదు, కాబట్టి నాలుగో ఆరో పక్కపక్కన పేరిస్తేనే దాని అసలు మజా. నేను సగం ప్రోగ్రాములకి రెండే డబ్బాలు తీసుకెళ్తాను. పైగా లోపలి మడతలన్నీ ఏటవాలు కోతలు, నాలాంటి వాడి రంపానికి అవి లొంగవు.

చెక్క విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. పాత డబ్బాల్లో ఒకటి ఎండీఎఫ్‌తో (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక) చేశాను. సౌండ్‌కి ఏ లోటూ లేదు, కోత నున్నగా వస్తుంది, ధూళి మాత్రం ఊపిరితిత్తుల దాకా పోతుంది, మాస్కు తప్పనిసరి. కానీ బండిలోంచి దించుతుంటే ఒక మూల నేలకి తగిలింది, అంతే, బిస్కెట్‌లా పొడైపోయింది. తర్వాత ఒక బిర్చ్ డబ్బా అంతకంటే ఎత్తునుంచి పడితే మూల దగ్గర రెండు పొరలు విడిపోయాయి, జిగురు పోసి క్లాంప్ బిగించి రాత్రంతా వదిలేస్తే ఇప్పటికీ అలాగే ఉంది. 18 మిల్లీమీటర్ల మంచి బిర్చ్‌లో 13 పొరలుంటాయి, కోసిన అంచు మీద లెక్కపెట్టుకోవచ్చు. చవక ప్లైవుడ్‌లో మధ్య పొరల్లో ఖాళీలుంటాయి, ఆ ఖాళీ దగ్గర చిన్న చెక్కముక్క వదులుగా ఉందంటే ఏదో ఒక నోటు దగ్గర గరగరమంటుంది, స్పీకర్ పోయిందేమో అని మీరు రోజంతా వెతుక్కుంటారు.

పలకలన్నీ ఒకే సెట్టింగ్ మీద, ఒకే రోజు కోయించండి. సగం కొలతలు ఇవాళ, సగం రేపు అంటే ఎక్కడో ఒక మిల్లీమీటరు తేడా వచ్చి తీరుతుంది. నాకు కోసి పెట్టిన వడ్రంగి లోపలి అడ్డపట్టీలు చూసి "ఇన్ని దేనికన్నా, ఇందులో మనుషులు కూర్చుంటారా?" అన్నాడు. పాత డబ్బాలో అవి లేవు, పక్క పలక మీద చెయ్యి పెడితే జివ్వుమనేది. పలక అలా ఊగుతోందంటే ఆంప్ ఇచ్చే పవర్‌లో కొంత చెక్కని ఊపడానికే పోతోందని అర్థం. ఇప్పుడు మధ్యలో కిటికీ చట్రంలాంటి పట్టీ ఒకటి, వెనక పలకకి ఒకటి, చెయ్యి పెడితే గోడ మీద పెట్టినట్టుంటుంది.

అసలు బలం జిగురుది, స్క్రూలది కాదు. జిగురు ఆరేదాకా పట్టుకోవడానికే స్క్రూలు. బిగించాక లోపలి మూలలన్నిటికీ మళ్లీ ఒకసారి జిగురు పూయండి, ఎందుకంటే గాలి లీకే ఈ పనిలో అసలు శత్రువు. చిన్న సందు చాలు, ఒత్తిడికి సర్రుమని ఈల వేస్తుంది. 30 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూంలో పెట్టి, చెయ్యి తడి చేసుకుని అతుకుల వెంట నడిపిస్తే ఎక్కడ గాలి తగులుతోందో తెలిసిపోతుంది. నాకు దొరికిన లీకుల్లో ఒక్కటీ చెక్క అతుకుల దగ్గర లేదు. అన్నీ హ్యాండిల్ గిన్నెల చుట్టూ, స్పీకాన్ ప్లేటు (స్పీకర్ కేబుల్ గుచ్చే చోటు) వెనక, చక్రాల బోల్టు రంధ్రాల్లో.

ఇక కోపం తెప్పించినవి. స్పీకర్ బిగించడానికి చెక్క వెనక నుంచి కొట్టే టీ-నట్లు వాడాను, 8 బోల్టులకి 8. కొత్తలో బాగానే ఉన్నాయి. రెండో ఏడు ఒక ప్రోగ్రాంకి ముందు స్పీకర్ విప్పాల్సొచ్చింది, ఒక టీ-నట్ పళ్లు చెక్కలో పట్టు వదిలేసి బోల్టుతో పాటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. లోపలికి చెయ్యి పెట్టి పట్టుకుందామంటే స్పీకర్ అడ్డం, స్పీకర్ తీద్దామంటే బోల్టు అడ్డం. అరగంట పని మూడు గంటలైంది, చివరికి గ్రైండర్‌తో బోల్టు తల కోసేశాం, నిప్పురవ్వలు కోన్ మీద పడకుండా తడిగుడ్డ కప్పి. ఆ తర్వాత నాలుగు డబ్బాల్లోనూ టీ-నట్లు పీకేసి, లోపల గట్టి చెక్క పట్టీ అతికించి, మరలున్న ఇన్సర్టులు జిగురుతో దించాను. మళ్లీ కదల్లేదు. కొత్తగా చేసేవాళ్లు మొదటే ఈ పని చేయండి.

చక్రాలు కూడా అంతే. మొదట 75 మిల్లీమీటర్లవి చెక్క స్క్రూలతో బిగించాను, గడ్డి నేల మీద అవి తిరగవు, దున్నుతాయి. గట్టిగా లాగితే స్క్రూలతో సహా ఊడొచ్చాయి. ఇప్పుడు 100 మిల్లీమీటర్లవి, వెనక పలక అవతలి దాకా వెళ్లే ఎం8 బోల్టులు, పెద్ద వాషర్లు. హ్యాండిళ్లు ప్లాస్టిక్ గిన్నె రకం కొని తప్పు చేశాను, అవి గాలికీ ఊగుతాయి, బరువుకీ పగులుతాయి. ఇప్పుడున్నవి ఇనుపవి. ముందు జాలీ 45 హెర్ట్జ్ దాటగానే జిర్రుమనేది, చుట్టూ ఫోమ్ పట్టీ అతికిస్తే నోరు మూసింది.

పెయింట్ సంగతి క్లుప్తంగా: మామూలు ఆయిల్ పెయింట్ ఒక సీజన్ కూడా నిలవలేదు. నీటితో కలిపే గరుకు రకం స్పీకర్ పెయింట్ రోలర్‌తో రెండు కోట్లు వేశాను, దెబ్బ తగిలినచోట బ్రష్షుతో అద్దితే కలిసిపోతుంది. అంచులన్నీ రూటర్‌తో గుండ్రం చేశాకే వేయండి, పదును అంచు మీద పెయింట్ నిలవదు. అడుగు అంచుకి సీలర్ పట్టించడం మర్చిపోయి ఒక వానలో తడిపాను, ప్లై ఉబ్బింది, ఆ డబ్బా సమంగా ఉన్న నేల మీద కూడా ఇప్పటికీ కాస్త ఊగుతుంది, కింద రబ్బరు ముక్క పెట్టి సర్దుకుంటున్నాం.

కాలిపోయిన స్పీకర్ కథ చెప్పాలి, తప్పు పూర్తిగా నాదే. రిఫ్లెక్స్ డబ్బాలో ట్యూనింగ్ దగ్గర లోపలి గాలి కోన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, అక్కడ కోన్ కదిలేది చాలా తక్కువ, పనంతా పోర్టుది. ట్యూనింగ్ కిందికి దిగితే ఆ పట్టు పోతుంది, కోన్ గాల్లో వేలాడుతున్నట్టు ఇష్టం వచ్చినంత ఊగుతుంది, శబ్దం మాత్రం రాదు. అందుకే ఆంప్‌కి ముందు సౌండ్‌ని సర్దే ప్రాసెసర్‌లో హై-పాస్ ఫిల్టర్ (ఒక హద్దు కింది ఫ్రీక్వెన్సీలని ఆపేది) తప్పనిసరి, నాది 33 హెర్ట్జ్ దగ్గర, 24 డెసిబెల్ వాలుతో. ఒకరోజు హడావుడిలో ప్రాసెసర్‌లో వేరే ప్రీసెట్ (ముందే దాచుకున్న సెట్టింగ్) ఎక్కించాను, అందులో ఆ ఫిల్టర్ లేదు. కీబోర్డ్ అతను 25 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక సింథ్ నోటు పట్టుకుని వదల్లేదు. ముందు టక్ టక్ మని చప్పుడు, అది కాయిల్ వెళ్లి వెనక ప్లేటుకి గుద్దుకోవడం, నేను పరిగెత్తి ఫేడర్ దించేలోపు వార్నిష్ మాడిన వాసన. హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉంది కదా అంటారేమో, లిమిటర్ వోల్టేజీనే చూస్తుంది, కోన్ ఎంత దూరం వెళ్తోందో దానికి తెలియదు.

ఆ లిమిటర్ కూడా 1000 వాట్లకి పెట్టలేదు. 8 ఓమ్స్‌కి 1000 వాట్లంటే 89 వోల్టులు, నేను 600 వాట్ల దగ్గర, అంటే 69 వోల్టుల దగ్గర ఆపేశాను. తేడా 2 డెసిబెల్ పైచిలుకు, అంతే. కాయిల్ వేడెక్కితే దాని నిరోధం పెరిగి సౌండ్ ఎలాగూ తగ్గుతుంది, ఆ పైన పోసిన పవరంతా వేడికే పోతుంది. సౌండ్ చాలకపోతే ఆంప్ పెంచడం కంటే డబ్బా పెంచడం మేలు. ఒకటి పక్కన ఇంకొకటి ఆనించి, దానికీ అంతే పవర్ ఇస్తే 6 డెసిబెల్ పెరుగుతుంది, నాలుగైతే 12.

ఆనించి అని ఎందుకన్నానంటే, స్టేజీకి ఎడమ రెండు, కుడి రెండు పెడితే చూడ్డానికి బాగుంటుంది, వినడానికి బాగోదు. 60 హెర్ట్జ్ అల 5.7 మీటర్లు, రెండు వైపుల నుంచి మీ దగ్గరికి వచ్చే దూరాల్లో అందులో సగం తేడా వస్తే ఆ నోటు అక్కడ మాయమైపోతుంది. మధ్యలో నిలబడ్డవాడి గుండె అదురుతుంది, నాలుగడుగులు పక్కకి జరిగితే బేస్ ఎక్కడికి పోయిందని అడుగుతాడు. నేను వీలైన ప్రతిచోటా నాలుగూ స్టేజీ ముందు మధ్యలో ఒకే వరసలో పెడతాను. ఒకసారి అలా పెట్టినా బేస్ పలచగా ఉంది, గంట తల బాదుకున్నాక తెలిసింది, రిపేరు చేసినప్పుడు ఒక డబ్బాలో ప్లస్సూ మైనస్సూ తారుమారు చేశాను. 9 వోల్టుల బ్యాటరీ క్షణం తాకించి కోన్ ముందుకొస్తోందో లేదో చూస్తే నిమిషంలో తేలిపోయే విషయం. ఇప్పుడు టూల్ బ్యాగులో బ్యాటరీ ఉంటుంది.

ఎవరు చేసుకోవాలంటే, నాలుగు కావాలి, మంచి టేబుల్ రంపం అందుబాటులో ఉంది, ప్రాసెసర్ సెట్ చేసుకోవడం వచ్చు లేదా నేర్చుకునే ఓపిక ఉంది అనుకున్నవాళ్లు. ఒకటో రెండో చాలనుకుంటే కొనుక్కోండి. కంపెనీ యాక్టివ్ సబ్‌లో ఆంప్, ఫిల్టర్, లిమిటర్ అన్నీ ఆ స్పీకర్‌కి తగ్గట్టే సెట్ చేసి ఉంటాయి, నేను చేసిన ప్రీసెట్ తప్పు అందులో దాదాపు సాధ్యమే కాదు. అమ్మాలనుకున్నా కొనేవాడు దొరుకుతాడు. నా డబ్బాలు ఎవరికైనా చూపిస్తే "లోపల స్పీకర్ ఒక్కటి ఇస్తావా?" అని అడుగుతున్నారు.

ఆ పాత 120 లీటర్ల డబ్బాల్లో ఎండీఎఫ్‌ది ఎప్పుడో పారేశాను. రెండోది ఇప్పుడు మిక్సర్‌కి స్టాండు, ఎత్తు సరిగ్గా సరిపోయింది. దాని పైపుల్లో ఒకదాంట్లో గాఫర్ టేపులు, ఇంకోదాంట్లో ఆ బ్యాటరీ పెట్టుకుంటున్నాం.