డార్నోక్‌లో ఆడండి, బ్రోరాలో ఉండండి

స్కాట్లాండ్ అనగానే గోల్ఫ్ ఆడేవాళ్ళ మనసు సెయింట్ ఆండ్రూస్ మీదికి పోతుంది. అక్కడి ఓల్డ్ కోర్సులో ఆడాలంటే చాలామంది లాటరీలో పేరు వేసి ఎదురుచూడాలి. అదృష్టం మీద ఆధారపడి సెలవులు పెట్టుకోవడం నాకు నచ్చదు. అందుకే మే నెలాఖరులో మేము ఇంకా పైకి వెళ్ళాం. ఇన్వర్నెస్ దాటి, ఉత్తర సముద్రం ఒడ్డున ఉండే సదర్లాండ్ తీరానికి. మాస్కో కంటే ఉత్తరాన ఉన్న ప్రాంతం అది. ఊళ్ళు చిన్నవి, జనం తక్కువ, కానీ ఆ కాస్త తీరంలోనే వందేళ్ళు పైబడిన గోల్ఫ్ కోర్సులు వరసగా ఉన్నాయి.

నాతో మా ఆవిడ, మా బావమరిది వచ్చారు. మా ఆవిడ గోల్ఫ్ ఆడదు. బావమరిది దగ్గర ప్రపంచంలోని వంద ఉత్తమ కోర్సుల జాబితా ఉంది, ఆడినవాటికి టిక్కులు పెడుతూ ఉంటాడు. నా కొలత వేరు. ఆడి వచ్చాక మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడికే వెళ్ళాలనిపిస్తే అది మంచి కోర్సు. ఈ రెండు కొలతలూ ఈ తీరంలో ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చెబుతాను.

ఈ తీరంలోని కోర్సులు ఎక్కువగా లింక్స్ కోర్సులు. లింక్స్ అంటే సముద్రానికీ పొలాలకూ మధ్య ఉండే ఇసుక నేల. వ్యవసాయానికి పనికిరాదు. సన్నని గట్టి గడ్డి మొలుస్తుంది, వాన పడిన కాసేపటికే నీరు ఇంకిపోతుంది, నేల గట్టిగా ఉంటుంది. హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిలా పక్కన ఉన్న గోల్ఫ్ కోర్సులో ఆడి అలవాటు పడ్డ చేతికి ఇక్కడ మొదటి రోజు ఏమీ పాలుపోదు. బంతిని ఎత్తుగా కొట్టి గ్రీన్ (బంతి వేయాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద ఆపుదామంటే పైన గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. కింద పడ్డా ఆగదు, దొర్లుకుంటూ వెనక పల్లంలోకి పోతుంది. కాబట్టి బంతిని కింద నుంచే పోనివ్వాలి. గ్రీన్‌కి ముప్పై గజాల అవతల నిలబడి పుటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) తీస్తే ఇక్కడ ఎవరూ నవ్వరు.

రాయల్ డార్నోక్ కోర్సు గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే ఇంత దూరం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దాని కోసమే వస్తారు. డార్నోక్‌లో గోల్ఫ్ ఆడినట్టు 1616 నాటికే రాతపూర్వక ఆధారం ఉంది. ఇప్పటి క్లబ్బు 1877లో మొదలైంది. తర్వాత సెయింట్ ఆండ్రూస్ నుంచి ఆ కాలంలో పేరుమోసిన ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ వచ్చి కోర్సు తీర్చాడు. పేరులోని రాయల్ 1906లో ఏడో ఎడ్వర్డ్ ఇచ్చింది. ఈ ఊళ్ళో 1872లో పుట్టిన వడ్రంగి డొనాల్డ్ రాస్, ఇక్కడే కోర్సు చూసుకునే పని చేసి, 1899లో అమెరికా వెళ్ళాడు. పైన్‌హర్స్ట్ నంబర్ టూ సహా అక్కడ వందల కోర్సులు గీశాడు. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు గోల్ఫర్లు తమ ఊళ్ళో బంతి జారిపోయే బోర్లించిన మూకుడు లాంటి గ్రీన్లను చూసి విసుక్కుంటూ ఉంటారు. ఆ మూకుళ్ళ పుట్టిల్లు ఇదే.

ఆ మాటకు అర్థం రెండో హోల్‌లోనే తెలుస్తుంది. పార్ త్రీ, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సినది. టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నుంచి చూస్తే ఏ కష్టమూ కనిపించదు. గ్రీన్ తప్పితేనే కథ. అన్ని వైపులా వాలు, కింద నుంచి చిప్ చేస్తే, అంటే చిన్నగా ఎగరేసి కొడితే, బంతి పైదాకా వెళ్ళి, ఆలోచించుకుని, తిరిగి కాళ్ళ దగ్గరికే వస్తుంది. అటు కొడితే అవతలి వాలు. డార్నోక్‌లో అన్నిటికన్నా కష్టమైన రెండో షాట్ ఈ హోల్‌దేనని అక్కడివాళ్ళ పాత ఛలోక్తి. మూడో టీకి వెళ్ళే దారి గోర్స్ పొదల మధ్య నుంచి ఉంటుంది. ఒళ్ళంతా ముళ్ళున్న పొద అది, మే నెలలో పసుపుపచ్చని పూలతో నిండిపోతుంది. ఆ పూల దగ్గర ముక్కు పెడితే అచ్చంగా కొబ్బరి వాసన. మా ఆవిడ కూడా మాతో అక్కడిదాకా నడిచి వచ్చింది. పొదలు దాటగానే కింద తీరం మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. మొదటి ఎనిమిది హోల్స్ మెట్ట మీద సాగి, ఎనిమిదో హోల్ చివర కిందికి దిగుతాయి. అక్కడి నుంచి సముద్రం పక్కనే వెనక్కి నడక.

పద్నాలుగో హోల్ పేరు ఫాక్సీ. ఒక్క బంకర్ (ఇసుక గుంట) కూడా లేదు. అయినా పార్ చేసినవాళ్ళు తక్కువ. ఇసుక దిబ్బలు ఒకసారి అటు, ఒకసారి ఇటు అడ్డొస్తాయి. గ్రీన్ మెట్టు మీద అడ్డంగా కూర్చుని ఉంటుంది. మనిషి తవ్వి పెట్టిన కష్టం ఏమీ లేకుండా నేల ఆకారంతోనే ఇంత ఇబ్బంది పెట్టవచ్చని దాన్ని చూస్తేనే నమ్ముతాం. మా బావమరిది అక్కడ ఏడు దెబ్బలు కొట్టి, "బావగారూ, ఈ హోల్‌కి బంకర్ పెట్టి ఉంటే కనీసం తప్పు దాని మీద తోసేవాణ్ణి" అన్నాడు.

ఇక డబ్బు సంగతి. డార్నోక్ ఫీజు బాగా ఎక్కువ, ఏటా పెరుగుతోంది. వేసవి టీ టైముల (ఆట మొదలుపెట్టే సమయాల) కోసం చాలా నెలల ముందే బుక్ చేయాలి. హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) ధ్రువపత్రం అడుగుతారు, మీ క్లబ్బు నుంచి తీసుకుని వెళ్ళండి. డబ్బు గిట్టుబాటవుతుందా అంటే, జీవితంలో ఒకసారికి తప్పకుండా అవుతుంది. బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీని పెట్టుకోండి. ఎక్కడ బంతి వేస్తే ఎటు దొర్లుతుందో చెప్పే మనిషి లేకపోతే ఆ ఫీజులో సగం వృథా. రెండోసారి ఆడాలనుకుంటే మాత్రం పక్కనే వాళ్ళదే స్ట్రూయీ అనే రెండో కోర్సు ఉంది. చవక, తేలిక. కానీ మెయిన్ కోర్సు చూసిన కళ్ళకు ఆనదు.

నా కొలత ప్రకారం ఈ తీరంలో మొదటి స్థానం బ్రోరాది. డార్నోక్ నుంచి కారులో అరగంట లోపే. 1891లో పెట్టిన క్లబ్బు, 1920ల్లో పేరున్న ఆటగాడు జేమ్స్ బ్రెయిడ్ తీర్చిన కోర్సు. ఒడ్డు వెంట తొమ్మిది హోల్స్ వెళ్ళి, లోపలి వైపు నుంచి తొమ్మిది వెనక్కి వస్తాయి. నాలుగు పార్ త్రీలు నాలుగు దిక్కులకు ఉంటాయి, అంటే గాలి ఎటు వీచినా ఏదో ఒక దానిలో మనకు ఎదురుగా వచ్చి తీరుతుంది.

అయితే బ్రోరా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది గొర్రెలూ ఆవులూ. ఆ నేల మీద చుట్టుపక్కల చిన్న రైతులకు ఉమ్మడి మేత హక్కు తరతరాలుగా ఉంది. మేము వెళ్ళినప్పుడు ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి నేల) నిండా తల్లీపిల్లా గొర్రెలు. ప్రతి గ్రీన్ చుట్టూ మోకాలి ఎత్తులో కరెంటు తీగ, లోపలికి వెళ్ళడానికి పట్టుకుని తెరిచే పిడి ఉన్న చిన్న సందు. మూడో హోల్‌లో ఒక గొర్రెపిల్ల మా బావమరిది బంతి పక్కనే పడుకుంది. లేపడానికి మనసొప్పక మేము ఎదురుచూస్తూ నిలబడ్డాం. దాని తల్లి వచ్చి మా వంక అనుమానంగా చూసి పిల్లను తీసుకుపోయింది. పేడలో పడ్డ బంతి సంగతికి స్థానిక నియమం ఉంది, స్కోరుకార్డు వెనక చదువుకోండి.

ఇది వినోదంగా రాశాను గానీ, ఈ గొర్రెల వెనక చరిత్ర వినోదం కాదు. బ్రోరా నుంచి వెనక్కి వస్తుంటే గాల్‌స్పీ ఊరి పైన కొండ మీద పెద్ద విగ్రహం ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. మొదటి సదర్లాండ్ డ్యూక్‌ది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ కుటుంబం లోయల్లో తరతరాలుగా ఉన్న కౌలుదార్లను వేలమందిని ఖాళీ చేయించి, ఆ భూములను గొర్రెల పెంపకానికి ఇచ్చింది. ఇళ్ళు కాల్చిన ఘటనలున్నాయి. వెళ్ళగొట్టిన జనంలో చాలామందికి తీరం వెంట చిన్న చిన్న భూమి చెక్కలు చూపించారు, చాలామంది కెనడా ఓడ ఎక్కారు. ఈ తీరంలో చిన్న రైతులకున్న ఉమ్మడి మేత హక్కుల వెనక ఆ చరిత్రంతా ఉంది. కాబట్టి ఫెయిర్‌వే మీద పేడ ఉందని ఎవరైనా సణిగితే నేను రైతు పక్షమే. గొర్రెలు గోల్ఫ్‌కి అడ్డం కాదు, అక్కడ గోల్ఫ్ కూడా అతిథే.

గాల్‌స్పీ కోర్సు గురించి తక్కువ మాటలు. కొన్ని హోల్స్ సముద్రం పక్కన, కొన్ని చెట్ల మధ్య, కొన్ని పొదల నేల మీద. మూడు రకాలూ కలిసి ఒక రౌండులోనే వస్తాయి. డార్నోక్‌లో ఒక రౌండుకు కట్టే డబ్బుతో ఇక్కడ రెండు రౌండ్లు ఆడి భోజనం కూడా చేయవచ్చు. దగ్గరలోనే డన్‌రాబిన్ కోట, డ్యూకుల నివాసం. మేము ఆడుతున్నప్పుడు మా ఆవిడ అక్కడ డేగల ప్రదర్శన చూసి వచ్చింది. మా కంటే ఆవిడకే ఆ పూట బాగా గడిచింది. టేన్ కోర్సు కూడా ఓల్డ్ టామ్ మోరిస్ 1890లో వేసినదే. పదకొండో హోల్‌లో రెండు ఇసుక దిబ్బల వెనక గ్రీన్ దాగి ఉంటుంది, దిబ్బల మీదుగా గుడ్డిగా కొట్టాలి. ఆ ఒక్కటీ బాగుంది. మిగతా కోర్సుతో పేచీ లేదు, పరవశమూ లేదు.

ఇన్వర్నెస్ దగ్గరున్న రెండు పెద్ద కోర్సుల విషయంలో నాకూ బావమరిదికీ కుదరలేదు. కాసిల్ స్టూవర్ట్ విమానాశ్రయం పక్కనే, 2009లో మార్క్ పార్సినెన్, గిల్ హాన్స్ కలిసి కట్టినది. ఇప్పుడు కాబట్ హైలాండ్స్ అంటున్నారు. స్కాటిష్ ఓపెన్ అక్కడ నాలుగు సార్లు జరిగింది. 2013లో అమెరికా ఆటగాడు ఫిల్ మికెల్సన్ ఇక్కడ గెలిచి, మరుసటి వారమే మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ కూడా గెలిచాడు. ప్రతి హోల్ నుంచి నీళ్ళు కనిపించేలా, ఫొటో బాగా వచ్చేలా అమర్చారు. ఆ అమరికే నాకు మింగుడు పడలేదు. బావమరిదికి తెగ నచ్చింది. సేవల విషయంలో మాత్రం లోటు లేదు. కారు ఆపగానే బ్యాగు దించుకునే మనిషి దగ్గర నుంచి భోజనం దాకా అంతా సాఫీ. 1999లో వాకర్ కప్ (అమెచ్యూర్ జట్ల పోటీ) జరిగిన నేర్న్‌లో మొదటి ఏడు హోల్స్‌కు సముద్రం కుడి పక్కనే ఉంటుంది. నాలాగా స్లైస్ (కుడికి వంగిపోయే దెబ్బ) కొట్టేవాళ్ళు బంతులు ఎక్కువ తీసుకెళ్ళాలి.

బస సంగతి. డార్నోక్ చక్కని ఊరు. పదమూడో శతాబ్దపు కెథీడ్రల్, దాని ఎదురుగా పాత కోటను హోటలుగా మార్చిన డార్నోక్ కాసిల్ హోటల్, నడిచి వెళ్ళేంత దూరంలో మొదటి టీ. కానీ గోల్ఫ్ సీజన్లో గదుల ధరలు గోల్ఫర్లను చూసే పెడతారు. మేము మొదట దిగిన ఒక అతిథి గృహంలో ఫొటోలో చూపిన సముద్రం కిటికీలోంచి మెడ బాగా వంచితేగానీ కనబడలేదు, తడిసిన బూట్లు ఆరబెట్టుకునే గది కూడా లేదు. ఈ రెండోది చిన్న విషయం అనుకోకండి. ఇక్కడ రోజూ బూట్లు తడుస్తాయి. గది బుక్ చేసేటప్పుడు మొదట అడగాల్సినది ఆరబెట్టే గది, తర్వాతే సముద్రం. ఆ తర్వాత బ్రోరాకు మారాం. గోల్ఫ్ క్లబ్బుకు నడక దూరంలో, ఇంటివాళ్ళే నడిపే బస. పొద్దున్న ఓట్స్ గంజి, గుడ్లు, టోస్టు. ఆ ఇంటావిడ మా బూట్లలో పాత పత్రికలు కుక్కి బాయిలరు పక్కన పెట్టేది. ధర డార్నోక్‌లో కంటే తక్కువ, రైల్వే స్టేషను దగ్గర.

తిండి విషయంలో ఆశలు తగ్గించుకుని వెళ్ళండి. చేప తినేవాళ్ళకు ఇబ్బంది లేదు. పొగబెట్టిన హాడక్ చేప, ఆలుగడ్డలు, పాలు కలిపి చేసే కల్లెన్ స్కింక్ అనే సూపు చలిలో ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది, కారం లేకపోయినా. శాకాహారులకు మాత్రం రోజూ అదే జున్ను, అదే బంగాళాదుంప. వంటగదులు రాత్రి ఎనిమిదిన్నరకే కట్టేస్తారు. వెలుతురు పదింటి దాకా ఉంటుంది కాబట్టి ఆట మధ్యలో ఈ సంగతి గుర్తుండదు. మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి, ఇన్వర్నెస్‌లో కొన్న బియ్యం మమ్మల్ని ఆదుకున్నాయి.

కారు లేకుండా కుదురుతుందా అని అడిగేవారికి: కొంతవరకు. లండన్ యూస్టన్ నుంచి రాత్రి రైలు ఎక్కితే పొద్దునకు ఇన్వర్నెస్. అక్కడి నుంచి ఫార్ నార్త్ లైన్ రైలు టేన్, గాల్‌స్పీ, బ్రోరాల్లో ఆగుతుంది. డార్నోక్‌కు 1960 నుంచి రైలు లేదు, బస్సు ఉంది. టేన్ దాటాక రైలు లోపలికి లెయిర్గ్ దాకా చుట్టు తిరిగి మళ్ళీ తీరానికి వస్తుంది. 1991లో డార్నోక్ ఫర్త్ అనే సముద్రపు పాయ మీద వంతెన కట్టాక రోడ్డు మీద నేరుగా పోవచ్చు. గోల్ఫ్ బ్యాగుతో రైలెక్కడానికి భయపడనక్కర లేదు. రైళ్ళు తక్కువ కాబట్టి వెళ్ళే రైలు కాక వచ్చే రైలు టైము చూసుకుని టీ టైము పెట్టుకోవాలి. జూలై, ఆగస్టులకు వెళ్తే మిడ్జ్ అనే కంటికి ఆనని కుట్టే పురుగు ఉంటుంది. గాలి ఉన్నంతసేపు సముద్రం ఒడ్డున బాధ లేదు, గాలి ఆగిందో చెట్ల మధ్య నిలబడలేరు.

చివరగా డర్నెస్. దేశానికి వాయవ్య మూల, డార్నోక్ నుంచి రెండు గంటలు. దారిలో చాలాభాగం ఒక్క కారు పట్టే రోడ్డు, ఎదురుగా బండి వస్తే పక్కన చేసిన జాగాలో ఆగి దారివ్వాలి. ఈ తీరం చుట్టూ తిరిగే రోడ్డు దారికి నార్త్ కోస్ట్ 500 పేరుతో 2015 నుంచి ప్రచారం మొదలయ్యాక క్యాంపర్‌వ్యాన్ల రద్దీ ఎక్కువైంది. తొమ్మిది హోల్స్ కోర్సు, 1988లో ఊరివాళ్ళు కలిసి తెరుచుకున్నది. టీలు మార్చి పద్దెనిమిదిగా ఆడతారు. చివరి హోల్‌లో అట్లాంటిక్ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన సందు మీదుగా బంతిని దాటించాలి. ఆ ఒక్క షాట్ కోసం రానూపోనూ నాలుగు గంటలు కారు నడపమని నేను చెప్పను. స్మూ గుహ, కేప్ రాత్ కొస చూడాలని ఎలాగూ అటు వెళ్తుంటే మాత్రం బ్యాగు డిక్కీలో వేసుకోండి. బావమరిది జాబితాలో డర్నెస్ లేదు. ఆడి వచ్చాక అతనే జాబితా కింద పెన్నుతో రాసుకున్నాడు, నంబరు వేయకుండా.