గుండె మందు వాడుతున్నానని చెప్పినా ఆ మాత్రలు అమ్మారు: విశాఖ వారు జాగ్రత్త

మధ్యాహ్నం ఆ షాపు నుంచి వచ్చినప్పటి నుంచి అన్నం సహించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. డాబా గార్డెన్స్ వైపు మందులు కొనేవారికి ఏ షాపో నేను చెప్పకుండానే తెలుస్తుంది.

నాకు 56 ఏళ్లు. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. రోజూ ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనే నైట్రేట్ రకం గుండె మాత్ర వేసుకుంటాను. షుగరు కూడా ఉంది, దానితో పాటు అంగస్తంభన సమస్య. మూడేళ్లుగా చూస్తున్న డాక్టరుకు ఈ ఒక్క మాట చెప్పలేక షాపుకు వెళ్లాను. ఆ తప్పు నాదే.

రద్దీ తగ్గేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాను. గుండె మందు వాడుతున్నానని నేనే చెప్పి, జేబులోని మాత్రల షీటు తీసి చూపించాను. షాపాయన దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, పేరు చదివాడు. చదివి కూడా లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చి, ‘‘ఇవి మూలికలతో చేసినవండీ, గుండెకు ఏమీ కాదు’’ అన్నాడు. 850 రూపాయలు తీసుకున్నాడు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

శనివారం రాత్రి ఒక మాత్ర వేసుకున్నాను. గంటలోపే చెమటలు, కళ్లు తిరగడం, ఛాతీలో బరువు. నా భార్య అలవాటు ప్రకారం నాలుక కింద పెట్టే మాత్ర తెచ్చింది. అది నా పెదవి దాకా వచ్చింది. చెప్పాలా వద్దా అని అప్పుడు కూడా తటపటాయించాను. చివరికి చెప్పాను. ఆమె చేయి వెనక్కి తీసుకుని 108కు ఫోను చేసింది.

ఆసుపత్రికి చేరేసరికి బీపీ 80/50. ఆ డబ్బా మీద బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు. మూలికల పేరుతో అమ్మేవాటిలో అంగస్తంభనకు ఇచ్చే సిల్డెనాఫిల్ అనే మందు కలిపిన సందర్భాలు చాలా ఉన్నాయనీ, నాకు జరిగింది చూస్తే అలాగే ఉందనీ డాక్టరు అన్నారు. సిల్డెనాఫిల్, నైట్రేట్ మందు రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. నాలుక కింద పెట్టే మాత్ర కూడా నైట్రేటే. అది కూడా పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఈరోజు డబ్బా తీసుకుని షాపుకు వెళ్లాను. ఆరేడుగురు ఉన్నారు. నెమ్మదిగానే మొదలుపెట్టాను. ఆయన అందరికీ వినిపించేలా, ‘‘ఈ వయసులో మీకు ఇవన్నీ ఎందుకండీ?’’ అన్నాడు. తల్లి మందుల కోసం వచ్చిన ఒక అమ్మాయి తల దించుకుంది. ‘‘మీకు షీటు చూపించాను కదా’’ అన్నాను. ‘‘మా దగ్గరే కొన్నారనడానికి బిల్లు ఏది?’’ అని డబ్బాను వేలితో నా వైపు నెట్టాడు. నా మందు పేరు చదివిన మనిషే అది! చదవడం రాక అమ్మితే క్షమించేవాణ్ణి.

నాలాంటి వారి కోసం నాలుగు మాటలు. నైట్రేట్ మందులు వాడేవారు సిల్డెనాఫిల్, అదే రకానికి చెందిన టడాలఫిల్ అసలు ముట్టకూడదు. ప్రోస్టేటు మందు వాడేవారూ ముందు డాక్టరుకు చెప్పాలి. సిల్డెనాఫిల్, టడాలఫిల్ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. ఛాతీలో నొప్పితో ఆసుపత్రికి వెళ్తే ఏం వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో మొదటే చెప్పండి. టడాలఫిల్ అయితే రెండు రోజుల క్రితం వేసుకున్నదైనా చెప్పాలి. స్తంభన 4 గంటలు దాటినా తగ్గకపోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు.

మిగిలిన 9 మాత్రలు డబ్బాతో సహా దాచాను. రేపు ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదుతో పాటు ఇస్తాను. అక్కడ ఇవే కొన్నవారు ఉంటే వేసుకోకండి, డబ్బా మాత్రం పారేయకండి.