విండోస్ సొంత జిప్ సౌకర్యం: ఏళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి జిప్ ఫైళ్లను విప్పడానికి నేను విండోస్‌లో ముందే ఉన్న సౌకర్యాన్నే వాడుతున్నాను. వేగంలో దీన్ని మెచ్చుకోలేము. వేల చిన్న ఫైళ్లున్న జిప్‌ను విప్పడంలో సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాము దీనికంటే చాలా ముందుంటుంది. పాస్‌వర్డ్ పెట్టే వీలు ఎక్స్‌పీలో ఉండేది, విస్టా వచ్చేసరికి అదీ పోయింది. ఇవన్నీ తెలిసీ దీన్నే ఎంచుకోవడానికి నాకున్న కారణం భద్రత.

ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకు బ్రౌజర్ ఒక గుర్తు పెడుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల్లో ఫైళ్లను భద్రపరిచే పద్ధతి) డిస్కులో ఆ ఫైలునే అంటిపెట్టుకుని కంటికి కనబడకుండా ఉండే ఈ గుర్తును చూసే విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ రక్షణ హెచ్చరిస్తుంది, వర్డ్ ఆ పత్రాన్ని చదవడానికి మాత్రమే వీలిచ్చే ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తుంది, 2022 నుంచి ఆఫీస్ మాక్రోలను (పత్రాల్లో దాగి నడిచే చిన్న ప్రోగ్రాములను) అడ్డుకుంటున్నది కూడా దీని ఆధారంగానే. జిప్‌ను విప్పినప్పుడు లోపలి ప్రతి ఫైలుకూ ఆ గుర్తును అందించవలసింది విప్పే ప్రోగ్రామే. విండోస్ జిప్ సౌకర్యం ఉండే ఎక్స్‌ప్లోరర్ అడగకుండానే ఆ పని చేస్తుంది.

2022లో బయటపడిన సీవీఈ-2022-41049 (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అనే లోపం సరిగ్గా అక్కడే ఉంది. జిప్‌లోని ఫైలు రీడ్-ఓన్లీ (మార్చడానికి వీల్లేనిది) అయితే, ఎక్స్‌ప్లోరర్ ముందు ఆ లక్షణాన్ని అమర్చి, ఆ తరువాత గుర్తు రాయబోయేది. అప్పటికే రాయడానికి వీల్లేని ఫైలు కాబట్టి గుర్తు పడేది కాదు, పడలేదన్న సంగతి వాడేవారికి తెలిసేదీ కాదు. దాడి చేసేవారికి కావలసిందల్లా జిప్ చేసే ముందు ఫైలు లక్షణాన్ని మార్చడమే. ఇంత సులువైన దారి ఇన్నాళ్లు తెరిచి ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మైక్రోసాఫ్ట్ దీన్ని 2022 నవంబరు అప్‌డేట్లలో సరిచేసింది.

అలాగని బయటి ప్రోగ్రాములు మెరుగని చెప్పలేను. సెవెన్‌జిప్ ఈ గుర్తును అందించే సౌకర్యాన్ని 2022లో గానీ తేలేదు, తెచ్చినా మనం సెట్టింగుల్లో ఎంచుకుంటే తప్ప అది పనిచేయదు. ఆపైన, జిప్‌లో మరో జిప్ పెడితే గుర్తు జారిపోయే లోపం అందులోనూ దొరికింది, 24.09 వెర్షన్‌లో సరిచేశారు. ఇలాంటిదే మరో ప్రోగ్రాము విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు కనుక పాత లోపాలు జనం కంప్యూటర్లలో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. విండోస్ సౌకర్యానికి నెలవారీ అప్‌డేట్లతోనే మరమ్మతు అందుతుంది.

2023లో విండోస్ 11కు జిప్ లాంటివే అయిన రార్, సెవెన్‌జెడ్ ఫైళ్లను విప్పే శక్తి వచ్చింది. దానికి వాడిన లిబ్‌ఆర్కైవ్ అనే కోడ్ లైబ్రరీలోని లోపాలకు 2024 జనవరిలోనే మరమ్మతు చేయవలసి వచ్చింది కాబట్టి, తెలియనివారు పంపిన రార్ ఫైళ్లను నేను ఇందులోనూ తెరవను.

జిప్ వరకు దీన్నే వాడమంటాను. విప్పిన ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడి కనబడితే గుర్తు పడినట్టే. అదే ఫైలు ఎఫ్‌ఏటీ32 (ఇలాంటి గుర్తును దాచలేని పాత పద్ధతి) పెన్‌డ్రైవ్ మీదుగా వస్తే గుర్తు నిలవదు, అప్పుడు ఈ గడి లేకపోవడాన్ని భరోసాగా తీసుకోకూడదు.