స్టేటస్ ఛాలెంజ్: టూల్‌బాక్స్‌తో తిరిగే మనిషి రివ్యూ

ముందే చెప్పేస్తాను. వచ్చే మూడు నాలుగు నెలల్లో ఎక్కాల్సిన విమానాలు ఇప్పటికే ఖాయమై ఉన్నవాళ్లకి ఎయిర్‌లైన్ స్టేటస్ ఛాలెంజ్‌ని మించిన బేరం లేదు. ఆ స్టేటస్ కోసమే, అంటే తరచూ ఎక్కేవాళ్లకి విమాన సంస్థ ఇచ్చే హోదా కోసమే, విమానాలు ఎక్కుదామనుకునేవాళ్లకి మాత్రం అది చేతిచమురు భాగవతమే.

నేను ప్యాకింగ్ మెషిన్లు బిగించే ఇంజనీర్ని. ఫ్యాక్టరీకి వెళ్లడం, మెషిన్ లైన్లో కూర్చోబెట్టడం, అది ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచేదాకా అక్కడే పడి ఉండటం, మళ్లీ ఇంకో ఫ్యాక్టరీ. టికెట్లు కంపెనీ కొంటుంది, అదీ ఉన్నవాటిలో చౌకది వెతికి మరీ. వన్‌వరల్డ్ అనే విమాన సంస్థల కూటమిలోని ఒక సంస్థలో ఏళ్ల తరబడి తిరిగి సఫైర్ అనే స్థాయి హోదా కార్డు సంపాదించుకున్నాను. ఇంతలో మా కంపెనీకి కొత్త కస్టమర్ దొరికాడు. వాళ్ల ఫ్యాక్టరీలకి తిన్నగా వెళ్లేవన్నీ స్టార్ అలయన్స్ అనే ఇంకో కూటమి విమానాలు. అక్కడ నన్నెవరూ ఎరగరు. మళ్లీ ఆఖరి గ్రూపులో నిలబడాలి, టూల్‌బాక్స్‌కి అదనంగా కట్టాలి. అందుకని ఈ ఛాలెంజ్‌కి దరఖాస్తు పెట్టాను. ఏ సంస్థకో చెప్పను. వాళ్ల గురించి మెచ్చుకోలూ ఉంది, తిట్టూ ఉంది.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. ఒక సంస్థలో ఉన్న ఎలైట్ కార్డు చూపించి, పోటీ సంస్థలో అదే స్థాయి ఊరికే తెచ్చుకుంటే స్టేటస్ మ్యాచ్. "సరే, కార్డు తాత్కాలికంగా ఇస్తాం, ఈ గడువులోగా మా విమానాల్లో ఇంత తిరిగి చూపించు, అప్పుడు ఉంచుతాం" అంటే ఛాలెంజ్. మామూలుగా ఏడాది పట్టే పని మూడు నాలుగు నెలల్లో తేలిపోతుంది. యునైటెడ్ ఇచ్చే గడువు 120 రోజులు, డెల్టాలో మూడు నెలలు. అమెరికన్ వాళ్లు ఇన్‌స్టంట్ స్టేటస్ పాస్ అని నాలుగేసి నెలల విడతలుగా నడుపుతారు, ప్రతి విడతలోనూ మళ్లీ నిరూపించుకోవాలి. కొన్ని సంస్థలు దరఖాస్తుకే ఫీజు తీసుకుంటున్నాయి.

ఇందులో దానధర్మాలేమీ లేవు. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అని తరచూ ఎక్కేవాళ్ల పథకం మొదలుపెడితే, అదే నెలలో యునైటెడ్ మైలేజ్ ప్లస్ తెచ్చింది. పక్కవాడి కస్టమర్ని లాక్కోవడం అప్పటి నుంచీ ఈ వ్యాపారంలో రోజువారీ పని. ఛాలెంజ్ కూడా అలా విసిరిన వలే. కాకపోతే ఈ వలలో చేప కూడా కాస్త లాభపడొచ్చు.

దరఖాస్తు తేలికే. కార్డు మీద పేరు, నంబరు, గడువు తేదీ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్, గత 12 నెలల్లో ఎక్కిన విమానాల స్టేట్‌మెంట్. రెండోది ఎందుకంటే, అసలు తిరక్కుండా ఒక మ్యాచ్ కార్డుతో ఇంకో మ్యాచ్, దాంతో మరొకటి తెచ్చుకునే ఘనులు ఉంటారు కాబట్టి. మ్యాచ్ ద్వారా వచ్చిన కార్డుని చాలా సంస్థలు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. ఒకే అలయన్స్ లోపల మ్యాచ్ చేయడం కూడా అరుదు. స్టార్ గోల్డ్, అంటే స్టార్ అలయన్స్ అంతటా చెల్లే గోల్డ్ హోదా, ఉన్నవాడికి ఇంకో స్టార్ సంస్థ గోల్డ్ ఇస్తే వాళ్లకి కొత్తగా ఒరిగేదేముంది? ఇంకోటి, ఈ అవకాశం మాటిమాటికీ రాదు. ఒకసారి వాడుకుంటే కొన్నేళ్లపాటు మళ్లీ అడగనివ్వరు, కొన్నిచోట్ల జన్మకో శివరాత్రే.

అందుకని అన్నిటికన్నా ముందు చూడాల్సింది క్యాలెండర్. గడియారం మొదటి విమానం ఎక్కిన రోజున కాదు, వాళ్లు అప్రూవల్ మెయిల్ పంపిన రోజున తిరగడం మొదలవుతుంది. "వచ్చే నెల నుంచి లెక్కపెట్టండి" అంటే వినరు. కొత్త ఫ్యాక్టరీ వాళ్లు పునాది బోల్టులు పూర్తయ్యాయని రాతపూర్వకంగా చెప్పేదాకా నేను దరఖాస్తు నొక్కలేదు. ఈ లైన్లో ఉన్నవాళ్లకి తెలుసు, సివిల్ పని పూర్తికాని సైటుకి టికెట్ బుక్ చేయడమంటే క్యాన్సిల్ చేయడానికి బుక్ చేయడమే. ఇంకో సంగతి. కొన్ని ప్రోగ్రామ్‌లలో సంవత్సరం రెండో సగంలో ఛాలెంజ్ గెలిస్తే ఆ హోదా వచ్చే ఏడాది చివరిదాకా ఉంటుంది, మొదట్లో గెలిస్తే ఈ ఏడాదితో సరి. అదే శ్రమకి ఫలితంలో అంత తేడా.

ఇక అసలు తలనొప్పి లెక్కలో ఉంది. "మా విమానాల్లో తిరగాలి" అన్న మాటలో ఎన్ని మెలికలున్నాయో చూడండి. టికెట్ మీద మూడు వేర్వేరు సంగతులుంటాయి. ఫ్లైట్ నంబరు ముందున్న రెండక్షరాలు ఎవరు అమ్ముతున్నారో చెబుతాయి. కింద చిన్న అక్షరాల్లో "ఆపరేటెడ్ బై" అని ఉన్నవాడిది విమానం. మూడోది పదమూడంకెల టికెట్ నంబరు. దాని మొదటి మూడంకెలు చూస్తే టికెట్ ఎవరిదో తెలుస్తుంది: 016 అంటే యునైటెడ్, 098 ఎయిర్ ఇండియా, 220 లుఫ్తాన్సా, 618 సింగపూర్ ఎయిర్‌లైన్స్. ఒకే ప్రయాణంలో ఈ మూడూ మూడు సంస్థలవి కావొచ్చు. నా ఛాలెంజ్ షరతుల్లో లెక్కకొచ్చేది విమానం వాళ్లదైతేనే. కోడ్‌షేర్‌లో, అంటే ఒకరి విమానాన్ని ఇంకొకరు తమ నంబరుతో అమ్మే పద్ధతిలో, వాళ్ల నంబరుతో కొన్నా, ఎగిరింది పార్ట్‌నర్ సంస్థ విమానమైతే మైళ్లు (ప్రయాణాలకి వచ్చే పాయింట్లు) ఖాతాలో పడతాయి గానీ ఛాలెంజ్ ఎంత పూర్తయిందో చూపే మీటరు అంగుళం కదలదు. యునైటెడ్ మామూలు స్టేటస్ లెక్కలో ఇంకో తమాషా ఉంది. పార్ట్‌నర్ జారీచేసిన టికెట్ మీద పార్ట్‌నర్ విమానం ఎక్కితే, వచ్చిన మైళ్లని 5తోనో 6తోనో భాగించి అర్హత పాయింట్లు ఇస్తారు. ఏ పార్ట్‌నర్‌కి 5, ఏ పార్ట్‌నర్‌కి 6 అని మళ్లీ ఒక జాబితా.

దీని మీద ఫేర్ క్లాస్ అక్షరం, అంటే టికెట్ ఏ రకం ధరకి కొన్నదో చెప్పే అక్షరం. ఒకే ఎకానమీ సీటు, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి టికెట్‌కి పూర్తి మైళ్లు, ఇంకొకరిదానికి పావు వంతు, అన్నిటికన్నా చౌకదైన బేసిక్ ఎకానమీ అయితే కొన్నిచోట్ల సున్నా. మా ట్రావెల్ డెస్క్ అమ్మాయికి ఈ అక్షరాల గోల చెప్పినప్పుడు నన్ను వింతగా చూసింది. తర్వాత తనే "సార్, ఇది మీ అక్షరమేనా" అని అడిగి బుక్ చేసేది. ఈ ఛాలెంజ్ నేను గట్టెక్కానంటే సగం పుణ్యం ఆ అమ్మాయిదే.

తిట్టు ఉందన్నాను కదా, అది ఇక్కడ. గడువు చివర్లో ఒక తిరుగు ప్రయాణం. విమానంలో ఏదో సాంకేతిక లోపమని ఫ్లైట్ రద్దు చేశారు. వాళ్లే నన్ను ఇంకో సంస్థ విమానంలోకి మార్చారు. రాత్రికి ఇల్లు చేరాను, అంతవరకు సంతోషమే. మీటరులో మాత్రం ఆ ప్రయాణం పడలేదు. మీరు ఎక్కింది మా విమానం కాదు కదా అని జవాబు. ఎక్కనివ్వనిది ఎవరయ్యా? ఇలాంటప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది: ఒరిజినల్ రూటింగ్ క్రెడిట్. అంటే మొదట కొన్న టికెట్ ప్రకారం ప్రయాణం చేసినట్టే మైళ్లు లెక్కగట్టి ఇమ్మని. ఆ మాట వాడేదాకా వచ్చినవన్నీ అచ్చు గుద్దిన జవాబులే. ఆ మాట రాసి, మొదటి ఈ-టికెట్ రసీదు, రద్దు చేసినట్టు వాళ్లు పంపిన మెయిల్, మార్చిన టికెట్ బోర్డింగ్ పాస్ జతచేశాక ఒక మనిషి చదివినట్టు తెలిసింది. ఈలోపు గడువు ముగిసింది, కార్డు ఊడింది, మళ్లీ ఉత్తరాలు, ఆ తర్వాత వెనక తేదీతో వేసి కార్డు తిరిగిచ్చారు. క్షమాపణ లేదు, "మీ విధేయతకి ధన్యవాదాలు" అని మాత్రం ఉంది. కాబట్టి మైళ్లు ఖాతాలో పడి మీటరు కదిలేదాకా బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. ఫోన్లో ఉన్నదైతే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, విమానం దిగాక యాప్‌లో అది మాయమైపోతుంది.

ఇంత చేసి ఏం దక్కిందంటే, లాంజ్ గురించి పెద్దగా చెప్పను. కుర్చీ, ప్లగ్ పాయింటు, శుభ్రమైన బాత్రూమ్. స్టార్ గోల్డ్‌తో అదే విమానం ఎక్కుతున్న ఒక అతిథిని కూడా తీసుకెళ్లొచ్చు. మా జూనియర్ కుర్రాడు దానికి నాకన్నా ఎక్కువ మురిసిపోయాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది లగేజీ దగ్గర. టార్క్ రెంచ్, డయల్ గేజ్, ఫీలర్ గేజ్‌లు, అలెన్ కీలు, ఒక చిన్న సుత్తి. వీటిలో చాలావాటిని క్యాబిన్‌లోకి రానివ్వరు. నా పసుపు ప్లాస్టిక్ టూల్‌బాక్స్ బట్టల పెట్టెతో సంబంధం లేకుండా తనే ఒక లగేజీ. స్టార్ గోల్డ్ ఉంటే కిలోల లెక్క నడిచే రూట్లలో 20 కిలోలు అదనం, పెట్టెల లెక్క నడిచే రూట్లలో ఒక పెట్టె అదనం. చౌక టికెట్లకి మినహాయింపులుంటాయి కాబట్టి టికెట్ మీద లగేజీ లైను చదువుకోవాలి. కార్డు వచ్చాక మొదటిసారి కౌంటర్లో టూల్‌బాక్స్ తూకం మీద పెట్టాను. అలవాటు కొద్దీ పర్స్ తీశాను. కౌంటర్ ఆవిడ స్క్రీన్ చూసి, ఎర్రంచు ప్రయారిటీ ట్యాగు చుట్టి, బెల్టు మీదకి తోసేసింది. అంతే. ఒక్క మాట లేదు, ఒక్క రసీదు లేదు. ఆ ట్యాగు ఉన్న పెట్టె అవతల ముందుగా వస్తుందా అంటే, కొన్నిసార్లు వస్తుంది. కొన్నిసార్లు ప్రయారిటీ పెట్టెలన్నీ కలిసికట్టుగా ఆఖర్న వస్తాయి.

ఇక్కడ పనికొచ్చే చిట్కా ఒకటి. స్టేటస్ రాకముందు బుక్ చేసిన టికెట్లలో పాత హోదానే అంటుకుని ఉంటుంది. బోర్డింగ్ పాస్ మీద స్టార్ గోల్డ్ గుర్తు పడకపోతే, బుకింగ్‌లోంచి మెంబర్ నంబరు తీసేసి మళ్లీ వేయండి. ముఖ్యంగా పార్ట్‌నర్ విమానాల్లో. కౌంటర్లో వాదించడం కన్నా అది నయం.

కార్డు ఏ సంస్థ నుంచి తెచ్చుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. యునైటెడ్ సొంత గోల్డ్ కార్డు ఉన్నవాళ్లని అమెరికా లోపల మాత్రమే తిరిగే ప్రయాణాల్లో ఆ స్టేటస్ మీద యునైటెడ్ క్లబ్ లాంజ్‌లోకి రానివ్వరు. అదే టర్కిష్ ఎలైట్ కార్డో, ఎయిర్ ఇండియా గోల్డ్ కార్డో ఉన్నవాడు అదే విమానానికి టికెట్ పట్టుకొస్తే తలుపు తీస్తారు. పరాయివాళ్లు స్టార్ గోల్డ్ కింద లెక్క, ఇంటివాళ్లకి ఇంటి రూలు. కాబట్టి ఎక్కువగా ఎవరి విమానాలు ఎక్కుతారో చూసి, వాళ్ల అలయన్స్‌లో వేరేవాళ్ల కార్డు కోసం ఛాలెంజ్ దొరుకుతుందేమో వెతకడం తెలివైన పని. కానీ అప్‌గ్రేడ్లు, మంచి సీట్లు కావాలంటే సొంత కార్డుకే మొగ్గు. నాకు అప్‌గ్రేడ్ మీద ఆశ లేదు, టూల్‌బాక్స్ మీద ఉంది.

నిలబెట్టుకోవడం సంగతి వేరు. ఛాలెంజ్‌లో తగ్గింపు ఒక్కసారికే, మరుసటి ఏడాది నుంచి పూర్తి లెక్క. ఆ లెక్క కూడా దూరం నుంచి డబ్బు వైపు జరిగిపోతోంది. డెల్టా 2024 నుంచి స్టేటస్‌కి మైళ్లనీ విమానాల సంఖ్యనీ పక్కన పెట్టేసి ఖర్చునే చూస్తోంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి పన్నులు పోను ఖర్చుపెట్టిన ప్రతి పౌండుకీ ఒక టియర్ పాయింటు (హోదాని లెక్కగట్టే పాయింటు) అంటోంది, సిల్వర్‌కి 7,500 కావాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ పథకం క్రిస్‌ఫ్లయర్ లాంటి చోట్ల ఇంకా 12 నెలల్లో 50,000 ఎలైట్ మైళ్లు అన్న పాత పద్ధతి ఉంది గనక నాలాంటి చౌక టికెట్ ప్రయాణికులకి కాస్త ఊపిరి. నేను తెచ్చుకున్నది డబ్బు లెక్క సంస్థది. మా కంపెనీ కొనే టికెట్లతో ఆ మీటరు నిండదు.

అందుకని సొంత డబ్బు పోసి నిలబెట్టుకునే ఆలోచనేమీ లేదు. ఏడాది ముగిశాక కార్డు దిగిపోతే దిగిపోనీ. అప్పుడు టూల్‌బాక్స్‌కి కట్టిన లగేజీ రసీదులన్నీ నెలాఖరు ఖర్చుల బిల్లుకి పిన్ను కొట్టి అకౌంట్స్‌కి పంపిస్తాను. ఇన్నాళ్లు ఆ బిల్లు ఎందుకు రాలేదో వాళ్లే అడుగుతారు.