ఎస్‌డీఎస్011 ధూళి సెన్సార్: చాలాకాలం వాడాక తేలింది

ముందే చెప్పేస్తాను. గాలిలో సన్నధూళి పెరుగుతోందా, తగ్గుతోందా అని కనిపెట్టడానికి, దాన్నిబట్టి ఫిల్టర్ ఫ్యాన్‌ను దానంతటదే నడిపించడానికి ఎస్‌డీఎస్011 బాగా పనికొస్తుంది. కానీ అది చూపించిన అంకెను ఉన్నదున్నట్టు తీసుకుని, పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నధూళి) రోజు సగటు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం పక్కన పెట్టి తీర్పు చెప్పడానికి పనికిరాదు. అందుకు ముఖ్య కారణం గాలిలోని తేమ.

ఈ సెన్సార్ ధూళిని తూచదు. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ వెలుగు రేణువులకు తగిలి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుగునుబట్టి బరువు అంచనా కడుతుంది. తేమ 70 శాతం దాటాక రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ధూళి పెరగకపోయినా అంకె పెరుగుతుంది. పొగమంచు తెల్లవారుజాముల్లో గ్రాఫ్ కొండెక్కడం చాలావరకు ఇందుకే.

సవరణ కోడ్‌లో రెండు లైన్ల పని. తేమను భిన్నంగా తీసుకోండి, 80 శాతమైతే 0.8. ఒకటిని దాంతో భాగించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే 0.25. ఇప్పుడు 0.24ను (రేణువులు ఎంత నీరు పీలుస్తాయో చెప్పే అంకె) ఈ 0.25తో భాగించి ఒకటి కలిపితే 1.96. సెన్సార్ అంకెను దీంతో భాగించాలి. అదే 90 శాతం దగ్గర భాజకం 3.16 అవుతుంది. ఆ 0.24 అన్నిచోట్లా ఒకటే కాదు, ఉప్పుగాలి ఉంటే ఎక్కువ, మట్టిధూళి అయితే తక్కువ. తేమ 95 దాటితే సవరించే ప్రయత్నమే వద్దు, ఆ రీడింగ్‌ను ‘నమ్మదగనిది’ అని గుర్తుపెట్టి వదిలేయడం మేలు.

ఈ లెక్కంతా తేమ కొలిచే విడి సెన్సార్ మీద ఆధారపడింది కాబట్టి ఆ సెన్సార్‌ను, అంటే బీఎంఈ280ను, ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. చాలామంది దాన్ని సెన్సార్లను చదివే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పక్కనే, అదే డబ్బాలో బిగిస్తారు. బోర్డు వేడికి అక్కడి గాలి రెండు డిగ్రీలు వేడెక్కితే చాలు, నిజంగా 90 ఉన్న తేమ 80గా కనిపిస్తుంది. అంటే 3.16తో భాగించాల్సింది 1.96తో భాగిస్తాం. నాలుగు వైర్లు పొడిగించి దాన్ని డబ్బా బయట నీడలో వేలాడదీయండి.

పీఎం 10 (10 మైక్రాన్ల వరకు ఉండే ధూళి) అంకె గురించి ఒక్కమాట: పట్టించుకోకండి. పెద్ద రేణువులను ఇది సరిగా చూడలేదు.

లేజర్ ఆయుష్షు 8000 గంటలని తయారీదారు మాట. ఆపకుండా నడిపితే ఏడాది కూడా నిండదు. ఐదు నిమిషాలకోసారి 30 సెకన్లు లేపితే పదింతలు వస్తుంది. లేచిన వెంటనే వచ్చే అంకెలు చెత్త, ఫ్యాన్ కుదురుకోవాలి. మొదటి 20 సెకన్లు పారేసి, మిగతా పది సెకన్ల రీడింగ్‌ల మధ్యస్థం (వరసగా పేర్చితే నడిమి విలువ) తీసుకోండి. సగటు తీస్తే ఒక్క నలుసు అడ్డుపడినా లెక్క చెడుతుంది.

డేటా సెకనుకు 9600 బిట్ల వేగంతో, పది బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. మొదటిది 170, రెండోది 192, చివరిది 171. మూడు, నాలుగు బైట్లు పీఎం 2.5వి. మూడో బైట్ 212, నాలుగోది 4 అనుకుంటే 4ను 256తో హెచ్చించి 212 కలపాలి. 1236 వస్తుంది, పదితో భాగిస్తే 123.6 మైక్రోగ్రాములు. తొమ్మిదో బైట్ చెక్‌సమ్, అంటే ప్యాకెట్ చెడకుండా వచ్చిందో లేదో చూసుకునే అంకె, మూడు నుంచి ఎనిమిది వరకు బైట్ల మొత్తంలో చివరి ఎనిమిది బిట్లు. దీన్ని సరిచూడకపోతే, ముఖ్యంగా ఈఎస్‌పీ8266 అనే పాత బోర్డు మీద సాఫ్ట్‌వేర్ సీరియల్ (పోర్టు పనిని కోడ్‌తోనే చేయించడం) వాడేటప్పుడు, వైఫై పనిలో బైట్లు జారిపోయి అసంభవమైన అంకెలు డేటాబేస్‌లో చేరతాయి. ఈఎస్‌పీ32లో విడి సీరియల్ పోర్టు ఉంది కాబట్టి ఈ బెడద తక్కువ. రీడింగ్ రాకపోతే సున్నా రాయకండి, ఖాళీ వదలండి. సున్నా అంటే గాలి శుభ్రంగా ఉందని అర్థం, ఫ్యాన్ ఆగిపోతుంది.

కరెంటు విషయంలో పీనాసితనం వద్దు. దీనికి 4.7 నుంచి 5.3 వోల్టులు కావాలి. సన్నటి పొడవాటి యూఎస్‌బీ కేబుల్ వాడితే ఫ్యాన్ తిరగడం మొదలెట్టగానే వోల్టేజీ పడి బోర్డు రీసెట్ అవుతుంది. సెన్సార్ దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఫిల్టర్ ఫ్యాన్ నడపడానికి ఒకే హద్దు పెడితే అది క్షణక్షణం ఆగుతూ మొదలవుతూ రిలేను (ఫ్యాన్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) తినేస్తుంది. పీఎం 2.5 అంకె 35 దాటితే ఆన్, 20కి దిగితే ఆఫ్, ఒకసారి ఆన్ అయ్యాక కనీసం పది నిమిషాలు ఆగకూడదు. పావుగంటగా కొత్త రీడింగ్ లేకపోతే ఫ్యాన్‌ను తక్కువ వేగంలో నడవనివ్వాలి. ఈ చివరి నియమం చాలా కోడ్‌లలో కనిపించదు.

నిర్వహణలో ఒక్క పరీక్ష అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. గాలి లోపలికి వెళ్లే మూతికి చిన్న హెపా ఫిల్టర్ (సన్నధూళిని దాదాపు పూర్తిగా ఆపేది) తగిలించి కాసేపు నడపండి. అంకె సున్నాకు దగ్గరగా రావాలి. రాకుండా నాలుగైదు దగ్గరే నిలిస్తే లోపల దుమ్ము పేరుకుంది. కరెంటు తీసేసి, ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి పట్టుకుని, చేతి బ్లోయర్‌తో ఊదాలి. రెక్కను పట్టుకోకుండా ఊదితే ఫ్యాన్ గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. మూతికి గొట్టం తగిలిస్తే మీటరుకు మించకుండా, కిందికి వంచి, కొసకు సన్నటి జాలీ కట్టండి. లేకపోతే సాలీళ్లు లోపల గూడు పెడతాయి.